ఆటే జీవనోపాధిగా: ముహమ్మద్ హబీబ్ వృత్తి జీవితం

భారత ఫుట్‌బాల్ చరిత్రలో తొలి వృత్తి ఆటగాడుగా పేరుపొందిన ముహమ్మద్ హబీబ్ 2023 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 74 ఏళ్లు. అంతకు ముందు కొంతకాలంగా పార్కిన్సన్స్ వ్యాధితో మంచాన ఉన్నారు. కలకత్తా పత్రికలు ఆయనను ‘బడే మియా’ అనే పాత పేరుతోనే స్మరించాయి. ఆయన చేసిన గోల్స్‌ను, ఆడిన క్లబ్బులను, పెలేతో ఆడిన నాటి ఆటను గుర్తుచేసుకున్నాయి. అన్ని వ్యాసాలలోనూ ఒక మాట తప్పకుండా కనిపించింది. అది ‘వృత్తి ఆటగాడు’ అనే మాట. కాని ఆ మాటకు అర్థమేమిటో, ఒక ముస్లిం యువకుడు ఆటను తన వృత్తిగా ప్రకటించుకోవడం ఆనాడు ఎంతటి విషయమో ఎవరూ ఆగి ఆలోచించినట్లు లేదు.

ఉర్దూలో ‘పేషా’ అంటే వృత్తి. ‘పేషావర్’ అంటే వృత్తిగా ఒక పని చేసేవాడు. అయితే వాడుకలో ఈ మాటకు కొంత మచ్చ అంటుకుంది. పేషావర్ బిచ్చగాడు, పేషావర్ సాక్షి అన్నప్పుడు డబ్బు కోసం ఏమైనా చేసేవాడనే ధ్వని వస్తుంది. తెలుగులో ‘వృత్తి’ అనే మాటకు ఆ దోషం లేదు. నేతపని వృత్తే, వడ్రంగం వృత్తే. చేసేవాడికి అన్నం పెట్టే పని ఏదైనా వృత్తే. హబీబ్ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఇక్కడ ఉర్దూ మాటకంటె తెలుగు మాటే ఎక్కువ సాయపడుతుంది.

ఆట అన్నం పెడుతుందా? ఈ ప్రశ్న హైదరాబాదు, కలకత్తాలకు మాత్రమే చెందినది కాదు. ఒంగోలుకు తూర్పున సముద్రపుటొడ్డున ఉన్న కొత్తపట్నం వంటి ఊరిలో సంపాదన అంటే ఏమిటో పిల్లలకు చిన్నప్పుడే తెలుస్తుంది. అక్కడ పడవ మీద వేటకు పోయేవాడికి దినకూలి ఉండదు. పడవకు కొన్ని వాటాలు, వలకు కొన్ని వాటాలు, మనుషులకు కొన్ని వాటాలు. చేప పడితే వాటా, పడకపోతే వట్టి చేతులే. కొంచెం లోపలికి పోతే మెట్ట చేలలో మిరపకాయ కోతకు రోజు కూలి. ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ కాల్చే మనిషి సీజనుకు ఇంత అని కుదురుతాడు. వాటా, కూలి, సీజను కుదుర్పు అనే ఈ మూడు పద్ధతులూ అందరికీ తెలిసినవే, అందరూ ఒప్పుకున్నవే. కాని కొడుకు సాయంత్రం పూట బంతి వెంట పరుగెత్తుతుంటే మాత్రం తండ్రి, ‘ఆట అన్నం పెడుతుందట్రా?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సాధారణంగా దొరికే జవాబు, ‘ఆట వల్ల ఉద్యోగం వస్తుంది’ అనేది. పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో క్రీడాకారుల కోటాలో చోటు దొరుకుతుంది. అంటే ఆట స్వయంగా అన్నం పెట్టదు, అన్నం పెట్టే ఉద్యోగానికి దారి మాత్రం చూపుతుంది. తెలుగునాట ఈ జవాబుకు పుట్టినిల్లు హైదరాబాదు నగర పోలీసు జట్టు. హబీబ్ ఇచ్చిన జవాబు వేరు. దాని విలువ తెలియాలంటే ముందు మొదటి జవాబు చరిత్ర చూడాలి.

ఆ చరిత్రలో ముఖ్య పురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. జీవనోపాధికి ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. కాచిగూడ మిడిల్ స్కూలులోను, దారుల్ ఉలూం హైస్కూలులోను, చాదర్‌ఘాట్ హైస్కూలులోను పాఠాలు చెప్పారు. 1943 నుంచి మరణించేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి నగర పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకుంది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును కూడ మోహన్ బగాన్‌పై గెలిచింది. కలకత్తాకు ఫుట్‌బాల్ తన సొత్తు అనే నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని దక్కను నుంచి వచ్చిన కానిస్టేబుళ్లు పోగొట్టారు.

రహీం సాహెబ్ పేరు పెద్దగా వినబడినది జాతీయ జట్టు ద్వారానే. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో స్వర్ణం, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం ఆయన శిక్షణలోనివే. జకార్తాలో భారత ప్రతినిధి ఒకరు ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని తప్పుపట్టినందున ప్రేక్షకులు భారత జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. ఆ హోరు మధ్య సెప్టెంబరు 4న భారత్ దక్షిణ కొరియాను 2–1తో ఓడించింది. అప్పటికే ఆయనకు కాన్సర్ ముదిరింది. మరుసటి ఏడు, 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ చిత్రంతో ఈ కథ కొత్త తరానికి కూడ తెలిసింది. ఇక్కడ దానిని విస్తరించనక్కరలేదు.

ఇక్కడ చూడవలసినది ఆయన కింద ఆడినవారి జీవనోపాధి. పోలీసు జట్టు ఆటగాడు పోలీసు ఉద్యోగి. నెల నెలా జీతం, చివరకు పింఛను. ఆట అతనికి ఉద్యోగం తెచ్చిపెట్టింది, ఉద్యోగం అతని ఆటను పోషించింది. పాతబస్తీ పేద కుటుంబాలకు ఇది చిన్న మేలు కాదు. 1948 తరువాత నిజాం కొలువులు పోయి, జాగీర్లు రద్దయి, వేలాది కుటుంబాలు ఒక్కసారిగా ఆధారం కోల్పోయిన కాలమది. ఆ రోజులలో బంతిని చక్కగా తన్నగల కుర్రవాడికి ప్రభుత్వం ఖాకీ దుస్తులు, జీతం ఇవ్వడమంటే ఒక ఇల్లు నిలబడటమే. కనుక ఈ పద్ధతిని తేలికగా చూడరాదు. అయితే ఇందులో ఒక మరుగు ఉంది. జీతం ఇచ్చేది ఆటకు, రిజిస్టరులో వ్రాసేది ఉద్యోగానికి. ఆటగాడు చేసే అసలు పనికి పేరు లేదు.

కలకత్తాలో ఈ మరుగు మరో రూపంలో ఉండేది. ముస్లిం ఆటగాళ్లకు కలకత్తా దారి తెరచినది 1891లో స్థాపితమైన ముహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు. 1934లో కలకత్తా లీగు గెలిచిన తొలి భారతీయ క్లబ్బు అదే. 1938 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. బెంగాలు బయటి నుంచి, ముఖ్యంగా బెంగుళూరు వంటి చోట్ల నుంచి, ఆటగాళ్లను వెతికి తెచ్చుకొనే పద్ధతి ఆ క్లబ్బు విజయాలతో స్థిరపడింది. తరువాత ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ కూడ అదే బాట పట్టాయి. 1950లలో సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1960లలో సయ్యద్ నయీముద్దీన్ వెళ్లారు. నియమాల ప్రకారం వీరంతా అమెచ్యూర్లు, అంటే ముచ్చటకు ఆడేవారు. వాస్తవంలో క్లబ్బు వారికి సీజనుకు ఇంత అని డబ్బు ముట్టజెప్పేది. బస, భోజనం చూసేది. ఏటా క్లబ్బులు మారే రోజులలో ఎదుటి క్లబ్బు వారు ఎత్తుకుపోకుండా ఆటగాళ్లను రహస్యంగా దాచిపెట్టేవారు. దీనికి తోడు బ్యాంకుల్లోనో, రైల్వేలోనో, ఏదో ఒక సంస్థలోనో ఉద్యోగం. ఇలా ఆటగాడికి రెండు దారుల్లో డబ్బు వచ్చేది. రెండింటిలోనూ అతని అసలు పని పేరు దాగి ఉండేది.

హబీబ్ 1949 జూలై 17న హైదరాబాదులో జన్మించారు. అన్నదమ్ములలో పలువురు ఫుట్‌బాల్ ఆటగాళ్లే. తమ్ముడు అక్బర్ కూడ తరువాత కలకత్తాలో పేరు తెచ్చుకున్నాడు. 1965–66 సంతోష్ ట్రోఫీలో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలును ఓడించి విజేతగా నిలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరిట వచ్చిన సంతోష్ ట్రోఫీ అదొక్కటే. అంతకు ముందరి రెండు విజయాలు హైదరాబాదు పేరిట వచ్చినవి. ఆ తరువాత 1966లోనే, సుమారు పదిహేడేళ్ల ప్రాయంలో, హబీబ్ ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లారు. అప్పటి నుంచి 1984 వరకు, పద్దెనిమిదేళ్లపాటు, ఆయన ఆట కలకత్తా మైదాన్‌లోనే సాగింది.

ఆ పద్దెనిమిదేళ్లలో ఆయన మూడు పెద్ద క్లబ్బులకూ ఒకటికంటె ఎక్కువసార్లు ఆడారు. మొదట ఈస్ట్ బెంగాల్, తరువాత మోహన్ బగాన్, 1970 నుంచి 1974 వరకు మళ్లీ ఈస్ట్ బెంగాల్, 1975లో ముహమ్మడన్ స్పోర్టింగ్, 1976 నుంచి 1978 వరకు మోహన్ బగాన్, తరువాత మరొకసారి ముహమ్మడన్, మరొకసారి ఈస్ట్ బెంగాల్, చివర మోహన్ బగాన్. కలకత్తాలో ఈ క్లబ్బులు ఉత్త ఆట జట్లు కావు. తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కాందిశీకులకు ఒకటి, పశ్చిమ బెంగాలు పాతకాపులకు ఒకటి, ముస్లిములకు ఒకటి. పుట్టుకతోనే క్లబ్బు నిర్ణయమయ్యే ఆ ఊరిలో ఒక ఆటగాడు ఇన్నిసార్లు ఇటూ అటూ మారితే ద్రోహి అనిపించుకోవాలి. హబీబ్‌కు ఆ పేరు రాలేదు. పైగా మూడు క్లబ్బుల అభిమానులూ ఆయనను ‘బడే మియా’ అనే పిలిచారు. దీనికి కారణం ఆయన ఆడిన తీరులోనే ఉంది.

ఆయన ఫార్వర్డ్ ఆటగాడు. అయినా బంతి పోగానే వెనుకకు పరుగెత్తి తన గోల్ ముందు నిలబడేవారు. అక్కడ బంతి గెలుచుకుంటే మళ్లీ ముందుకు. ఏ సీజనులో ఏ చొక్కా తొడుక్కున్నా ఈ తీరులో మార్పు లేదు. నిన్నటి మిత్రులపై ఆడుతున్నప్పుడు కాలు వెనుకకు తీసిన మనిషి కాదాయన. తోటి ఆటగాళ్లు సాధనలో అశ్రద్ధ చేస్తే సహించేవారు కారు. బ్యాంకుల నుంచీ, ఇతర సంస్థల నుంచీ వచ్చిన ఉద్యోగ అవకాశాలను కాదన్నారు. తన పని ఫుట్‌బాల్ అనీ, దానితోనే బ్రతుకుతాననీ నిర్ణయించుకున్నారు. తొలి వృత్తి ఆటగాడు అనే పేరు ఇక్కడి నుంచి వచ్చినదే. డబ్బు తీసుకొని ఆడినవారు అంతకు ముందూ ఉన్నారు. ఉద్యోగం అనే చాటు లేకుండా, ఇదే నా పని అని నిలబడినవాడు ఆయన.

1969లో బెంగాలు తరఫున సంతోష్ ట్రోఫీలో 11 గోల్స్ చేసి అందరికంటె ముందు నిలిచారు. 1970లో బాంకాక్ ఆసియా క్రీడలలో జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చిన భారత జట్టులో ఉన్నారు. దానికి నాయకుడు హైదరాబాదీయే అయిన నయీముద్దీన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తరువాత మరొక పతకం రాలేదు. ఈస్ట్ బెంగాల్ 1970 నుంచి 1975 వరకు వరుసగా ఆరుసార్లు కలకత్తా లీగు గెలిచింది. మొదటి ఐదింటిలో హబీబ్ ఉన్నారు. 1970లో ఇరాన్ క్లబ్బు పాస్ టెహరాన్‌ను ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలవడం, 1972లో షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడింటా విజేతగా నిలవడం (రోవర్స్ మోహన్ బగాన్‌తో కలసి పంచుకున్నది) ఆ కాలంలోనివే. 1976లో ఆయన మోహన్ బగాన్‌కు మారారు. ఆ ఏటి లీగులో ఈస్ట్ బెంగాల్‌పై ఆట మొదలైన 17 సెకన్లకే అక్బర్ గోల్ చేశాడు. ఈస్ట్ బెంగాల్ ఆరేళ్ల ఆధిపత్యం ఆ ఏడుతో ముగిసింది. 1977లో మోహన్ బగాన్ షీల్డు, రోవర్స్, డ్యూరాండ్ మూడూ గెలిచింది.

ఆ ఏడే సెప్టెంబరు 24న న్యూయార్కు కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడింది. పెలే వస్తున్నాడని నగరం అంతా కదిలింది. వర్షానికి మైదానం బురద. కాస్మోస్ తరఫున కార్లోస్ అల్బెర్తో మొదట గోల్ చేశాడు. శ్యాం థాపా దానిని సమం చేశాడు. తరువాత హబీబ్ చేసిన గోల్‌తో మోహన్ బగాన్ ముందంజ వేసింది. చివరకు పెనాల్టీతో కినాలియా సమం చేయగా ఆట 2–2తో ముగిసింది. ఒక వారం తరువాత పెలే ఆటనుంచి విరమించాడు. ప్రపంచంలో అత్యధిక వేతనం పొందిన ఆటగాళ్లలో ఒకడు ఒకవైపు, కాగితం మీద అమెచ్యూరు మరొకవైపు. మైదానంలో మాత్రం ఇద్దరూ తమ పని చేసుకొంటున్న పనివారే.

ఇక షరీఅత్ దృష్టితో దీనిని పరిశీలించవలసి ఉంది. ఆటతో బ్రతకడమా అని పెదవి విరిచే పెద్దలు మన సమాజంలో నేటికీ తక్కువ కాదు. వారి అభ్యంతరాలను రెండుగా విడదీయవచ్చు. మొదటిది, ఆట ‘లహ్వ్’, అంటే కాలక్షేపం కనుక దానికి కూలి తగదన్నది. రెండవది, గెలుపు ఓటములపై డబ్బు చేతులు మారితే అది జూదమన్నది.

రెండవ దానికి జవాబు తేలికైనదే. దైవప్రవక్త (స) హదీసులో పందెం ఒంటె, గుర్రం, బాణం పోటీలకు పరిమితమై కనిపిస్తుంది. ఆ మూడూ యుద్ధ సన్నాహానికి సంబంధించినవి. కుస్తీ, పరుగు వంటివాటికి అది ఎంతవరకు వర్తిస్తుందన్న విషయంలో ధర్మవేత్తల మధ్య చర్చ సాగింది. హిజ్రీ 751లో మరణించిన ఇబ్నె ఖయ్యిం ఈ విషయం మీద ‘అల్ ఫురూసియ్య’ అనే ప్రత్యేక గ్రంథమే వ్రాశారు. ఆ చర్చ అంతా పందెం గురించి, అంటే ఓడినవాడు గెలిచినవాడికి ఇచ్చే సొమ్ము గురించి. క్లబ్బు ఆటగాడికి ఇచ్చే వేతనం పందెం కాదు. జట్టు ఓడినా అది ఇవ్వవలసినదే. అది ‘ఇజారా’, అనగా కూలి ఒప్పందం.

మొదటి అభ్యంతరం బరువైనది. నిషిద్ధమైన పనికి కూలి కుదరదు. పాటలకు, చచ్చిన ఇంట శోకాలు పెట్టడానికి కూలి మాట్లాడుకోవడం చెల్లదని హనఫీ గ్రంథాలు చెబుతాయి. కనుక ఫుట్‌బాల్ ఏ కోవలోకి వస్తుందన్నదే ప్రశ్న. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్న విషయం, రుకానాతో కుస్తీ పట్టిన విషయం ఉల్లేఖనాలలో ఉన్నాయి. శరీర బలాన్ని పెంచేది, హరాంతో కలవనిది, విధులను మరపించనిది అయిన ఆట దానంతట అది నిషిద్ధం కాదన్నది ఈ కాలపు ధర్మవేత్తలలో చాలామంది అభిప్రాయం. ఇందులో దాటవేయరాని విషయం ఒకటుంది. హనఫీ మతం ప్రకారం మోకాలు కూడ మరుగుపరచవలసిన భాగంలోనిదే. 1970ల నాటి ఫుట్‌బాల్ నిక్కర్లు ఎంత పొట్టివో ఆనాటి ఫోటోలు చూసినవారికి తెలుసు. ఆ అభ్యంతరం సబబైనదే. కాని అది దుస్తులపై అభ్యంతరం, పనిపై కాదు. నిక్కరు పొడుగు కుట్టించుకుంటే పోయే దోషానికి వృత్తినే దోషమనడం తగదు.

ఆట ఇజారా అని ఒప్పుకుంటే హబీబ్ కథ ఫిఖహ్ పాఠంలా కనిపించడం మొదలవుతుంది. ఫిఖహ్‌లో పనివారు రెండు రకాలు. దర్జీ, చాకలి వంటివారు ఊరందరి పని చేసే ఉమ్మడి పనివారు. ‘అజీరె ఖాస్’ అలా కాదు. అతడు గడువు ముగిసేదాకా తన కాలాన్ని ఒకరికే అప్పగిస్తాడు. ఒంగోలు ప్రాంతపు బ్యారన్ పనివాడు సీజనుకు ఒక రైతుకే పని చేసినట్లన్నమాట. గడువు లోపల మరొకరి పనికి పోతే అది ద్రోహం. గడువు తీరాక పక్క రైతు దగ్గర కుదిరితే అది అతని హక్కు. ఈస్ట్ బెంగాల్ నుంచి మోహన్ బగాన్‌కు, అక్కడి నుంచి ముహమ్మడన్‌కు హబీబ్ మారిన తీరు ఇదే. మాట ఇచ్చిన సీజను పూర్తిగా ఇచ్చారు, తరువాత స్వేచ్ఛగా వెళ్లారు. అభిమానులకు ఫిఖహ్ తెలియకపోవచ్చును. కాని పనిలో నిజాయితీ ఉన్న మనిషి ఎవరో వారికి తెలిసింది.

దివ్యఖుర్ఆన్‌లోని ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అ) మద్యన్‌లో కూలికి కుదిరిన వృత్తాంతం ఉంది. ఆయనను పనికి పెట్టుకోమని సలహా ఇచ్చిన యువతి ఆయనలో చూపిన గుణాలు రెండు. బలం, నమ్మకం. గడువు ఎనిమిదేళ్లు, ఇష్టమైతే పది. ఒక ప్రవక్త కూలికి పని చేశారని, అది గడువు, షరతులు గల ఒప్పందమని గ్రంథమే చెబుతున్నప్పుడు, బలాన్ని, నమ్మకాన్ని అమ్ముకొని బ్రతికే పని హీనమని ఎలా అనగలం?

అయితే ఇదే కొలబద్దను ఇచ్చేవారి మీద కూడ పెట్టాలి. ఇజారా చెల్లాలంటే పని, గడువు, కూలి మూడూ స్పష్టంగా తెలిసి ఉండాలి. కలకత్తా మైదాన్‌లో కూలి కాగితానికి ఎక్కేది కాదు, ఎందుకంటే నియమాల ప్రకారం కూలే లేదు. అది ఎగవేసినా ఆటగాడు అడగడానికి చోటు లేదు. హనఫీ ధర్మవేత్తలు ఇటువంటి లోపభూయిష్టమైన ఒప్పందానికి కూడ ఒక దారి చూపారు. పని జరిగిపోతే, అటువంటి పనికి లోకంలో ఇచ్చే కూలి, అంటే ‘అజ్రె మిస్ల్’, ఇచ్చి తీరాలి. పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివాడికి తీర్పు దినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడన్న భావం సహీహ్ బుఖారీలోని హదీసులో ఉంది. అమెచ్యూర్ అనే గౌరవప్రదమైన మాట చాటున ఆటగాడి హక్కు ఎలా మాయమైందో ఈ కొలబద్దతో చూస్తే తెలుస్తుంది.

అవే సంవత్సరాలలో అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ఇదే హక్కు కోసం పోరాడారు. అక్కడ వారు బాహాటంగానే వేతన ఆటగాళ్లు. అయినా పింఛను లేదు, క్లబ్బు మారే స్వేచ్ఛ లేదు. 1964 జనవరిలో బోస్టన్‌లో ప్రముఖ ఆటగాళ్లంతా కలసి ఆడే ఆటకు ముందు, పింఛను విషయం తేల్చేదాకా మైదానంలోకి రామని దుస్తుల గదిలో కూర్చున్నారు. హామీ వచ్చాకనే బయటికి వచ్చారు. 1970లో ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరిట వేసిన దావా 1976లో రాజీ పడటంతో క్లబ్బు మారే హక్కుకు దారి ఏర్పడింది. మిల్వాకీలో ఈ రాబర్ట్‌సన్ సహ ఆటగాడు కరీం అబ్దుల్ జబ్బార్. 1968లో ఇస్లాం స్వీకరించి, 1971లో బహిరంగంగా పేరు మార్చుకున్నవారు. 1975లో తానే కోరి లాస్ ఏంజిలిస్ జట్టుకు మారారు. హబీబ్ ముహమ్మడన్ స్పోర్టింగ్‌కు వెళ్లిన ఏడు అదే. కరీం ఇరవై సీజన్లు ఆడి 1989లో విరమించేనాటికి 38,387 పాయింట్లు చేశారు. ఆ రికార్డు 2023 వరకు నిలిచింది. ఇద్దరి ప్రతిభను పోల్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. కరీం వెనుక ఆటగాళ్ల సంఘం ఉంది, వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉంది, పింఛను ఉంది. హబీబ్ వెనుక ఆయన మాట తప్ప మరేమీ లేదు. ఉద్యోగం వద్దనడమంటే ఆయన విషయంలో వృద్ధాప్యపు పింఛను కూడ వద్దనడమే.

1980లో ఆయన మళ్లీ ఈస్ట్ బెంగాల్‌లో ఉన్నారు. ఆ ఏడే భారత ప్రభుత్వం ఆయనకు అర్జున పురస్కారం ఇచ్చింది. ఆ ఏడే ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌ల ఆట సమయంలో చెలరేగిన గలాటాలో 16 మంది ప్రేక్షకులు చనిపోయారు. క్లబ్బు అభిమానం హద్దు మీరితే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది. 1984లో ఆట మానిన తరువాత ఆయన చేతికి వచ్చిన పనినే మరొక విధంగా చేశారు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలోను, హల్దియాలో బెంగాలు ఫుట్‌బాల్ సంఘపు అకాడమీలోను కుర్రవాళ్లకు శిక్షణ ఇచ్చారు. తరువాత హైదరాబాదులోనే స్థిరపడ్డారు.

భారత్‌లో జాతీయ స్థాయి లీగు మొదలైనది 1996లో. ఆటగాడి వేతనం కాగితం మీదికి రావడానికి హబీబ్ విరమించాక పన్నెండేళ్లు పట్టిందన్నమాట. ఈలోగా హైదరాబాదు ఫుట్‌బాల్ క్షీణించింది. రహీం సాహెబ్ తరువాత ఆయనంతటి శిక్షకుడు దొరకలేదు. ఖాళీ జాగాలు ఇళ్లుగా మారాయి. పిల్లలు క్రికెట్టు వైపు మళ్లారు. ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చిన సంస్థలు ఒక్కొక్కటే జట్లను తగ్గించుకున్నాయి. వాటిలో కొన్నింటి పేర్లు కూడ ఇప్పుడు లేవు. ఒకప్పుడు ఫుట్‌బాల్ జట్టును నడిపిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులోను కలసిపోయాయి. ‘ఆట వల్ల ఉద్యోగం వస్తుంది’ అనే మొదటి జవాబు కూడ ఇలా బలహీనపడుతూ వచ్చింది.

2019లో హైదరాబాదు పేరిట ఒక వృత్తి క్లబ్బు ఏర్పడింది. 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టుపై పెనాల్టీలతో గెలిచి దేశపు పెద్ద లీగులో విజేత అయింది. వ్రాతపూర్వకమైన ఒప్పందాలు, విదేశీ ఆటగాళ్లు, హబీబ్ కాలంలో లేనివన్నీ ఉన్నాయి. అయినా రెండేళ్లు తిరగకముందే జీతాలు అందక పలువురు ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది.

అమ్ముగూడ బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే ఏడు ఆగస్టులో మరణించారు. బలరాం కలకత్తా దగ్గరే ఉండిపోయారు. హబీబ్ తాను పుట్టిన ఊరి మట్టిలోనే కలిశారు.